ఎస్తేరు సీటులో ప్రాసెసర్ మార్చిన సంగతి

2016 ఆగస్టులో నన్ను మహబూబ్‌నగర్ సర్కిల్ నుంచి నల్లగొండ సర్కిల్ ఆఫీసుకు ఐటీ విభాగం ఏడీఈగా బదిలీ చేశారు. విద్యుత్ సంస్థలో సర్కిల్ అంటే దాదాపు ఒక జిల్లా, ఏడీఈ అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఉద్యోగంలో మొదటి సగం సబ్‌స్టేషన్లలోనూ లైన్ల మీదా గడిచింది. బిల్లింగ్ పని కంప్యూటర్లలోకి మారిన రోజుల్లో దాన్ని నేర్చుకున్న కొద్దిమందిలో నేనొకదాన్ని. అందువల్ల మిగతా సగమంతా కంప్యూటర్ల దగ్గరే గడిచింది.

విద్యుత్ పంపిణీ సంస్థలో ఐటీ ఏడీఈ పని బయటివాళ్లు అనుకునేంత ఘనమైనదేమీ కాదు. సర్కిల్ పరిధిలోని ఆఫీసుల్లో ఏ కంప్యూటర్ నడుస్తున్నది, దేన్ని బాగుచేయించాలి, దేన్ని పక్కన పెట్టాలి అనేవి తేల్చి, కాగితం మీద పెట్టి, పై అధికారి సంతకం తీసుకోవడమే అందులో పెద్ద భాగం. నా పై అధికారి డీఈ, అంటే డివిజనల్ ఇంజనీర్. ఆయన పైన సర్కిల్ మొత్తానికి ఎస్‌ఈ, అంటే సూపరింటెండింగ్ ఇంజనీర్.

మా దగ్గరికి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. కంప్యూటర్ పాతబడి నెమ్మదించింది, ప్రాసెసర్ తీసి కొంచెం పెద్దది పెడితే బాగుపడుతుందా? దీనికి నా జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే ఉండేది: వద్దు. ప్రాసెసర్ అనేది కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. మదర్‌బోర్డు మీద తనకోసం కేటాయించిన సాకెట్‌లో అది కూర్చుంటుంది. ఒక బోర్డు తన తరం చిప్పులను మాత్రమే ఒప్పుకుంటుంది. పాత బోర్డులో కొత్త తరం చిప్పు పట్టదు, పట్టే రకం అప్పటికి తయారీ ఆగిపోయి ఉంటుంది. అదీగాక మామూలు ఆఫీసు పనిలో కంప్యూటర్ ఆగేది ప్రాసెసర్ దగ్గర కాదు, హార్డ్ డిస్కు దగ్గర. లోపల తిరిగే పాత డిస్కు తీసేసి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెట్టి, తెరిచిన పనులను అందుబాటులో ఉంచే ర్యామ్ కొంత పెంచితే చాలావరకు పని నడుస్తుంది. అందుకే నల్లగొండలో చేరిన కొత్తలోనే ఒక సర్క్యులర్ తయారుచేసి డీఈ గారి సంతకంతో అన్ని ఆఫీసులకూ పంపించాను. ఐదేళ్లు దాటిన యంత్రాలకు ప్రాసెసర్ మార్పిడి ప్రతిపాదనలు పంపవద్దన్నది దాని సారాంశం. దానికి నేనే మినహాయింపు రాయాల్సి వచ్చిన సందర్భం ఇది.

సర్కిల్ ఆఫీసు కింది అంతస్తులో ఫిర్యాదుల కేంద్రం ఉండేది. కరెంటు పోయినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, తీగ తెగినా జనం ఫోన్ చేసేది అక్కడికే. హాలియా వైపు కాలువ కింద వరి వేసే ఊళ్ల నుంచి, దేవరకొండ వైపు బోర్ల మీద బతికే ఊళ్ల నుంచి పగలంతా ఫోన్లు వస్తూనే ఉండేవి. ఫోన్ ఎత్తిన ఉద్యోగి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించాలి. మండలం ఎంచుకుంటే అందులోని ఊళ్ల జాబితా తెరుచుకుంటుంది. ఊరు ఎంచుకోగానే ఆ ఊరికి కరెంటు ఏ ఫీడర్ మీద వస్తున్నదో తెలుస్తుంది. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరి కొన్ని ఊళ్లకు కరెంటు మోసుకెళ్లే లైను. ఫిర్యాదు నమోదైతే లైన్‌మన్ ఫోనుకు మెసేజ్ పోతుంది. తెగిన తీగ విషయమైతే మెసేజ్‌తో సరిపెట్టకూడదు. ఉద్యోగి స్వయంగా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ ఫీడర్ ఆపించాలి.

ఈ కేంద్రాన్ని చూసుకునేది సీనియర్ అసిస్టెంట్ నర్సింహాచారి. పని తెలిసిన మనిషి, లెక్క తప్పని మనిషి. ఆయన కింద పనిచేసేవాళ్లలో ఎస్తేరు అనే అమ్మాయి ఉండేది. దేవరకొండ దగ్గరి ఊరు. తాతల కాలంలో కూలి పని తప్ప సెంటు భూమి లేని క్రైస్తవ కుటుంబం. తండ్రి బడిలో అటెండర్. ఎస్తేరుకు చిన్నప్పటినుంచీ చూపు లేదు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, వికలాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంట్‌గా ఎంపికైంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ప్రొబేషన్ పూర్తయినట్టు ప్రకటించాలంటే పై అధికారి ఇచ్చే పనితీరు నివేదిక బాగుండాలి.

ఆమె కంప్యూటర్‌ను చెవులతో వాడేది. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. బాణం మీట నొక్కుతూ పోతే జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే పలుకుతుంది. ఎస్తేరు హెడ్‌సెట్‌లో ఒక చెవికి ఫోన్ చేసినవాళ్ల గొంతు, రెండో చెవికి కంప్యూటర్ గొంతు వచ్చేటట్టు అమర్చుకుంది. ఆ రెండూ ఒకేసారి వింటూ, మూడో పనిగా తాను మాట్లాడుతూ టైపు చేసేది.

2017 వేసవిలో నర్సింహాచారి ఒక ముసాయిదా పట్టుకుని నా గదికి వచ్చారు. ఎస్తేరును ఫిర్యాదుల కేంద్రం నుంచి ఇన్‌వర్డ్ సెక్షన్‌కు మార్చాలని అందులో ఉంది. ఇన్‌వర్డ్ అంటే ఆఫీసుకు వచ్చే ఉత్తరాలు తీసుకుని, చదివి, ఏ విభాగానికి పోవాలో రాసి పంపే చోటు. చూపు లేని మనిషికి అక్కడ చేయడానికి ఏముంటుందని అడిగాను.

“ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు మేడం. కాని ఒక్కొక్క ఫోన్‌కు మిగితవాళ్ల కంటె డబల్ టైం తీస్కుంటది. నెలనెలా రిపోర్టు ఎస్‌ఈ గారి దగ్గరికి పోతది. గాలిదుమారం దినాలల్ల లైన్ దొరుకుత లేదని జనం లొల్లి చేస్తున్నరు. నేనేం జవాబు చెప్పాలె?” అన్నారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ముసాయిదాను నా దగ్గరే ఉంచమని, రెండు వారాలు ఆగమని అడిగాను. సరేనన్నారు.

ఆ మధ్యాహ్నమే ఎస్తేరు నా గదికి వచ్చింది. ముసాయిదా సంగతి అప్పటికే ఆమెకు చేరింది. ఆఫీసుల్లో ఇలాంటివి దాగవు. ఏడవలేదు, బతిమాలలేదు. “మేడం, ఇన్‌వర్డ్‌ల నేనేం జేస్త? కాయితాలు తడుముకుంట కూసోవాలె. నా సిస్టంల ప్రాసెసర్ మార్చుండ్రి. అది మారితె నేను అందరి లెక్క చేస్త,” అంది.

సర్క్యులర్ సంగతి ఆమెకు చెప్పాను. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ పెడితే సరిపోతుందని, పెట్టించి చూద్దామని అన్నాను. మర్నాడు పెట్టించాను కూడా. కంప్యూటర్ తెరుచుకోవడం త్వరగా అయింది. పక్క సీట్లవాళ్లు మాకూ అలాగే పెట్టమన్నారు. కాని ఎస్తేరు ఫోన్ల సమయం మాత్రం ఏమీ తగ్గలేదు. అలా జరగడానికి కారణం నాకు తోచలేదు. కారణం తెలియకుండా ఇంకో భాగం మార్చడం నాకు ఇష్టం ఉండదు. రెండో హెడ్‌సెట్ ఒకటి తగిలించుకుని ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను.

మొదటి గంటలో నాకు అర్థమైంది తక్కువ. ఆమె కంప్యూటర్ గొంతును ఎంత వేగంగా పెట్టుకుందంటే నా చెవికి అది తుమ్మెద రొదలా వినిపించింది. ఆ వేగానికి అలవాటు పడేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి బయట గాలి లేచింది. దేవరకొండ వైపు ఇంకా గట్టిగా ఉన్నట్టుంది, ఫోన్లు వరసగా మొదలయ్యాయి. వాటిలో ఒకటి గొర్ల కాపరిది. గాలి హోరులో కేకలు వేసి చెబుతున్నాడు.

“అమ్మా, కరెంటు తీగ తెగి చేన్ల వడ్డది. మా మంద గీడనే ఉంది. గొర్లు అటు దిక్కు వోతె అయిపోతయి.”

“అన్నా, నువ్వు ముందల ఎన్కకు జరుగు. తీగ దిక్కు ఎవ్వల్ని పోనియ్యకు. ఏ ఊరు?” అంది ఎస్తేరు.

“ఎర్రగుంట తండ పక్కపొంటి.”

ఎస్తేరు వేళ్లు అప్పటికే ఆ మండలం ఊళ్ల జాబితాలో దిగుతున్నాయి. నేను తెర చూస్తున్నాను. హెడ్‌సెట్‌లో “ఎర్రగుంట తండా” అని వినిపించింది. తెర మీద రంగు మారి ఉన్న పేరు మాత్రం దాని కింద ఉన్న ఎర్రగుట్ట తండా. ఎంటర్ మీట నొక్కితే నమోదయ్యేది అదే. నేను చెయ్యి చాపబోయాను. ఎస్తేరు మీట నొక్కలేదు, ఆగింది. కాసేపటికి హెడ్‌సెట్‌లో గొంతు “ఎర్రగుట్ట తండా” అంది. అప్పుడామె ఒక పేరు పైకి జరిపి, మళ్లీ ఆగి, గొంతు పలికిందాకా చూసి, ఫోన్‌లో అడిగింది.

“గుంటనా అన్నా, గుట్టనా?”

“గుంట. గుట్ట కాదమ్మా, గుట్ట అవుతల దిక్కు.”

అప్పుడు మీట నొక్కింది. ఫీడర్ పేరు రాగానే ఇంకో ఫోన్‌లో సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆపించింది. ఆగిందని అక్కడి ఆపరేటర్ చెప్పేవరకు కాపరిని లైన్‌లోనే ఉంచింది. ఆగిందన్నాక కూడా, లైన్‌మన్ వచ్చిందాకా తీగను ముట్టవద్దని రెండుసార్లు చెప్పి ఫోన్ పెట్టేసింది.

నేను సబ్‌స్టేషన్లలో పనిచేసినదాన్ని. ఆ రెండు తండాలు రెండు వేర్వేరు ఫీడర్ల మీద ఉన్నాయి. గుంట బదులు గుట్ట నమోదై ఉంటే అక్కడెక్కడో కరెంటు ఆగేది. ఇక్కడ తెగిపడ్డ తీగలో కరెంటు అలాగే ఉండేది. కరెంటు ఆగిపోయిందని ఫోన్‌లో విన్న మనిషి గొర్రెను లాగడానికి ముందుకు వెళ్లేవాడు.

ఫోన్ల జోరు తగ్గాక అడిగాను. “ఎస్తేరూ, పేరు పేరుకు గట్ల ఎందుకు ఆగుతున్నవు?”

“గొంతు ఎన్కబడి వస్తది మేడం. నేను ఒక పేరు ఇంట. సిస్టం ఇంకో పేరు మీదికి పోయి ఉంటది. అందుకె అది ఊకున్నదాక ఆగుత. ఊకున్నంక ఏం జెప్పిందో అదే నిజం.”

“ఈ సంగతి చారిగారికి ఎందుకు చెప్పలే?”

“సిస్టం స్లో ఉందని చెప్పిన. అందరిది స్లోనే అన్నరు.” తర్వాత తనే అంది. “తప్పు కొడితె ఆడ మనిషి పోతడు. ఆగితె నా మీద రిపోర్టు పోతది. ఏది మంచిగుందో మీరే చెప్పుండ్రి.”

ఆమె చెప్పినదాన్ని అక్కడికక్కడే పరీక్షించాను. కంప్యూటర్‌లో ఏ భాగం మీద ఎంత బరువు పడుతున్నదో చూపే పట్టిక ఒకటి ఉంటుంది. ఫోన్ నడుస్తున్నంతసేపు దాన్ని తెరిచి పెట్టాను. ర్యామ్ సగం ఖాళీగా ఉంది. కొత్త డిస్కుకు పనే లేదు. ప్రాసెసర్ మాత్రం నిండా మునిగి ఉంది. ఫిర్యాదుల పేజీ, ఫోన్ సంభాషణ రికార్డు చేసే సాఫ్ట్‌వేర్, స్క్రీన్ రీడర్ గొంతు మూడూ ఒకే సమయంలో దాని మీద పడుతున్నాయి. మిగతా సీట్లలో మూడోది లేదు. అందుకే అదే రకం యంత్రం వాళ్లకు సరిపోతున్నది, ఈమెకు చాలడం లేదు. రికార్డింగ్ కొద్దిసేపు ఆపి చూస్తే గొంతు వెంటనే తెరను అందుకుంది. కాని రికార్డింగ్ ఆపడానికి నిబంధనలు ఒప్పుకోవు. గొంతు బరువు తగ్గిద్దామంటే ఆ పని ఎస్తేరు ఎప్పుడో చేసింది. మనిషి గొంతులా ఉండే తెలుగు ఉచ్చారణ తీసేసి, ముక్కుతో చదివినట్టుండే తేలిక గొంతు పెట్టుకుంది.

నా ముందు ఉన్న దారులు ఎక్కువ కావు. కొత్త కంప్యూటర్ కొనాలంటే వచ్చే బడ్జెట్ దాకా ఆగాలి. వచ్చినా, దానిలోని కొత్త ఆపరేటింగ్ సిస్టం మీద మా ఫిర్యాదుల పేజీ అప్పటికి సరిగా నడిచేది కాదు, ఆమె దగ్గరున్న స్క్రీన్ రీడర్ అసలే నడవదు. వేరే సీటు కంప్యూటర్‌తో మార్చుదామంటే అన్నీ ఒకే సారి కొన్న ఒకే రకం యంత్రాలు. మిగిలింది ప్రాసెసర్.

బోర్డు తయారీదారు ఇచ్చిన పుస్తకం తీసి చూశాను. ఇప్పుడున్న రెండు కోర్ల చిప్పు స్థానంలో అదే తరం నాలుగు కోర్ల చిప్పు పెట్టవచ్చు. కోరు అంటే చిప్పులో విడిగా లెక్క చేయగల భాగం. మూడు పనులు ఒకేసారి నడిచే చోట నాలుగు కోర్లు ఉంటే ఒకదానికోసం ఇంకొకటి ఆగనక్కరలేదు. బయోస్, అంటే బోర్డు నిద్రలేవగానే నడిచే మొదటి ప్రోగ్రాం, కొత్త రూపానికి మార్చుకున్నాకే ఆ చిప్పు పెట్టాలని షరతు. అలాంటి చిప్పులు కొత్తవి ఎక్కడా దొరకవు. సికింద్రాబాద్ బజారులో వాడినవి దొరుకుతాయి కాని వాడిన సామాను కొనడానికి మాకు అధికారం లేదు.

అప్పుడు మహబూబ్‌నగర్ గుర్తొచ్చింది. నేను అక్కడ ఉండగా డ్రాయింగ్ సెక్షన్ కంప్యూటర్ ఒకటి పిడుగుపాటుకు పాడైంది. లైన్ల నక్షాలు గీసే యంత్రం కాబట్టి దానిలో అదే తరం నాలుగు కోర్ల చిప్పే ఉండేది. దాన్ని పనికిరాని సామాను కింద తేల్చి స్టోర్స్‌కు అప్పగించిన కాగితం మీద సంతకం నాదే. అక్కడి స్టోర్‌కీపర్‌కు ఫోన్ చేస్తే ఇంకా వేలం వేయలేదన్నాడు. అయితే పిడుగు తిన్న యంత్రంలో చిప్పు బతికి ఉందో లేదో పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఒక సర్కిల్ స్టోర్స్ నుంచి ఇంకో సర్కిల్‌కు చిన్న భాగం తేవాలన్నా రెండు వైపులా అనుమతి ఉండాలి.

నోట్ రాసుకుని డీఈ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశారు.

“పాత యంత్రాలకు ప్రాసెసర్లు మార్చొద్దని సర్క్యులర్ ఇచ్చింది మీరే కద మేడం?”

“నేనే సార్.”

“మరి గిదేంది?”

ఎర్రగుంట, ఎర్రగుట్ట సంగతి చెప్పాను. ఆయన కూడా లైన్ల మీద పనిచేసి వచ్చిన మనిషే. ఆ రెండు తండాల ఫీడర్ల పేర్లు అడిగారు, చెప్పాను. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు. పెడుతూ, “సీటు మాత్రం బంద్ కావొద్దు. అయితే జవాబు మీరే ఇచ్చుకోవాలె,” అన్నారు. ఆ మాట అన్యాయమైనదేమీ కాదు. మహబూబ్‌నగర్ అనుమతి కూడా వారంలోపే వచ్చింది. పాత సహోద్యోగులు తొందర చేసినందువల్లే అది సాధ్యమైంది. చిప్పును, దాని మీద కూర్చుని వేడి లాగే పెద్ద కూలర్‌ను నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

ఇంకో చిక్కు మిగిలి ఉంది. స్క్రీన్ రీడర్ లైసెన్సు ఆ కంప్యూటర్‌కు కట్టుబడి ఉంటుంది. ప్రాసెసర్ మారిస్తే అది వేరే కంప్యూటర్ అనుకుని మళ్లీ అనుమతి అడగవచ్చని, ఈ లైసెన్సు మీద అలాంటి అవకాశం ఇంకొక్కటే మిగిలిందని అమ్మినవాళ్లు ఫోన్‌లో చెప్పారు. దాని అర్థం ఇది. కొత్త చిప్పుతో ఆ అవకాశం వాడేశాక చిప్పు చెడిపోతే, పాతది తిరిగి పెట్టినా గొంతు రాకపోవచ్చు. ఇప్పుడు ఆలస్యంగానైనా పనిచేస్తున్న అమ్మాయి అప్పుడిక అసలే పనిచేయలేకపోతుంది. కొత్త లైసెన్సు తెప్పించడానికి ఎన్ని నెలలు పడుతుందో నేను చెప్పలేను.

ఇది నా ఒక్కదాని నిర్ణయం కాకూడదనిపించింది. ఎస్తేరును పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. చిప్పు పిడుగు తిన్న యంత్రంలోదని కూడా దాచలేదు.

“ఖరాబైతె నన్ను ఇన్‌వర్డ్‌కు పంపుతరా?” అంది.

“పంపొచ్చు. నేను ఆపలేకపోవచ్చు.”

“మార్చకపోతె ఎట్లైన పంపుతున్నరు గద మేడం. పెట్టుండ్రి.” తర్వాత, “నేను కూడ వస్త ఆ దినం. సప్పుడు ఇంట,” అంది.

ఫోన్లు తక్కువ ఉండే ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. నర్సింహాచారి రావలసిన పని లేదు, అయినా వచ్చారు. ముందు బయోస్ మార్చాలి. ఆ పని మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవదు. ఆ పూట మా ఫీడర్ మీద ఎవరికీ ఎల్‌సీ ఇవ్వలేదని టౌన్ సబ్‌స్టేషన్‌తో మాట్లాడి నిర్ధారించుకున్నాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, లైన్ మీద పని కోసం కరెంటు ఆపుకునే అనుమతి. అది చాలదని యూపీఎస్ బ్యాటరీ కూడా చూసుకున్నాను. బయోస్ మార్పు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా పూర్తయింది.

ఆ తర్వాత కంప్యూటర్ ఆపి, తీగలన్నీ ఊడదీసి, పాత కూలర్ విప్పాను. చిప్పుకూ కూలర్‌కూ మధ్య వేడిని పైకి పంపడానికి పూసే పేస్టు ఎండి సున్నంలా రాలింది. పాత చిప్పు తీసి డబ్బాలో పెట్టాను. కొత్తది దాని గాడి చూసి దించి, మీట బిగించి, తాజా పేస్టు రాసి, పెద్ద కూలర్ కూర్చోబెట్టాను. ఆ కూలర్ నాలుగు మూలలూ గట్టిగా నొక్కితేగాని పట్టదు. పట్టింది. స్విచ్ వేశాను.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది.

కొంతసేపయ్యాక నర్సింహాచారి నెమ్మదిగా, “పోయిందా మేడం?” అని అడిగారు. ఎస్తేరు తల వంచుకుని వింటున్నది. “బీప్ రాలే,” అంది. సరిగా లేచిన కంప్యూటర్ మొదట ఒక బీప్ ఇస్తుంది.

ఆపి, మళ్లీ మొదటినుంచి చూసుకున్నాను. చిప్పు సరిగానే కూర్చుంది. కూలర్ నొక్కేటప్పుడు బోర్డు వంగి పక్కనున్న ర్యామ్ ముక్క ఒక చివర పైకి లేచింది. కంటికి కనపడేంత కూడా లేదు, వేలికి తగిలింది. దాన్ని తీసి తుడిచి మళ్లీ దించి స్విచ్ వేశాను.

“బీప్ వచ్చింది. లేచింది మేడం,” అంది ఎస్తేరు. తెర వెలిగింది ఆ తర్వాత.

అనుకున్నట్టే స్క్రీన్ రీడర్ అనుమతి అడిగింది. నంబర్ ఎక్కించాం. ఒప్పుకుంది. ఎస్తేరు హెడ్‌సెట్ పెట్టుకుని ఊళ్ల జాబితా తెరిచింది. పైకీ కిందికీ బాణం మీట నొక్కుతూ పోతుంటే, తెర మీద రంగు మారిన పేరును నర్సింహాచారి పైకి చదువుతూ వచ్చారు. నేను రెండో హెడ్‌సెట్‌లో విన్నాను. ఫోన్, రికార్డింగ్ నడిపిస్తూ కూడా ఒక్క పేరూ వెనకబడలేదు. ఎర్రగుంట దగ్గర ఆమె కావాలని వేగంగా పైకీ కిందికీ తిరిగింది. గుంట అన్నప్పుడు గుంటే ఉంది, గుట్ట అన్నప్పుడు గుట్టే ఉంది. నర్సింహాచారి చదవడం ఆపేసి, “గిదా నువ్వు ఇన్ని దినాలు పడ్డది,” అన్నారు. ఆమె సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ముక్కు గొంతు తీసేసి మామూలు తెలుగు గొంతు పెట్టుకుంది. నేను నా హెడ్‌సెట్ తీయబోతుంటే, “జర ఉండుండ్రి మేడం, ఇది మంచిగ చదువుతది,” అంది.

ముసాయిదాను నర్సింహాచారి మర్నాడు నా గది నుంచి తీసుకుపోయారు. మళ్లీ తేలేదు.

ఆ మార్పుతో అన్నీ చక్కబడ్డాయని రాయలేను. నాలుగు కోర్ల చిప్పు వేడి ఎక్కువ. మరుసటి వేసవిలో ఆ యంత్రం రెండుసార్లు తనంతట తాను ఆగిపోయింది. పెట్టె పక్క రేకు తీసేసి, చిన్న టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టించి, నెలకోసారి దుమ్ము తీయించే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఫోన్ల సమయం బాగా తగ్గింది కాని మిగతావాళ్లతో పూర్తిగా సమానం కాలేదు. ఒక సమీక్షలో ఎస్‌ఈ గారు దాని గురించి అడిగారు. నేను లేవబోయేలోపే నర్సింహాచారి లేచారు.

“ఊరి పేరు రెండోసారి చెప్పించుకుంటది సార్. చెప్పించుకోనియ్యుండ్రి. ఇంకోటి, మిగితవాళ్లను కూడ గట్లనే చెయ్యమన్న,” అన్నారు. ఎస్‌ఈ గారు తలూపి తర్వాతి అంశానికి వెళ్లారు. ఎస్తేరు ప్రొబేషన్ సకాలంలోనే పూర్తయినట్టు ఉత్తర్వు వచ్చింది. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు ఫిర్యాదుల పేజీ వాటిమీద స్క్రీన్ రీడర్‌తో నడుస్తుందో లేదో మొదట ఆమెతోనే పరీక్ష చేయించాం. 2020లో నేను రిటైరయ్యేనాటికి ఆమె అదే కేంద్రంలో ఉంది.

ఇప్పటికీ తెలిసినవాళ్లు పాత కంప్యూటర్‌కు ప్రాసెసర్ మార్చవచ్చా అని అడుగుతుంటారు. పదిమందిలో ఎక్కువమందికి నేను ఇచ్చే సలహా మారలేదు: డిస్కు మార్చండి, ర్యామ్ చూడండి, డబ్బు ప్రాసెసర్ మీద పెట్టకండి. అయితే ఆ సలహా ఇచ్చే ముందు, దానితో ఏం పని చేస్తారు, సరిగ్గా ఎక్కడ ఆగుతున్నారు అని అడుగుతాను. వీలైతే వెళ్లి పక్కన కూర్చుని చూస్తాను. పక్కనే ఉన్న రెండు ఒకే రకం యంత్రాల్లో ఒకదానికి అవసరం లేని మార్పు రెండోదానికి తప్పనిసరి కావచ్చు. ఆ తేడా యంత్రం కొన్న తేదీలోనో, దాని మీద అంటించిన చీటీలోనో కనిపించదు. దాని ముందు కూర్చున్నవాళ్లు ఏ మీట దగ్గర ఆగుతున్నారో, ఎందుకు ఆగుతున్నారో చూస్తేనే కనిపిస్తుంది.